జీన్ రిపోర్టు 31వ పేజీ

ఉమ్మి నింపిన గొట్టం జన్యు పరీక్ష కంపెనీకి పంపిస్తే కొన్ని వారాల్లో రిపోర్టు వచ్చేస్తుంది. నలభై పేజీలు ఉందనుకోండి. మొదటి పది పేజీల నిండా మెదడు బొమ్మలు, వాటి పక్కన ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పట్టీలు. "మీ డోపమైన్ నెమ్మదిగా విరుగుతుంది." "మీ సెరటోనిన్ రవాణా బలహీనం." "ఆందోళన వైపు మొగ్గు." వెనకెక్కడో, 31వ పేజీలో, చిన్న అక్షరాలతో ఒక పట్టిక ఉంటుంది: సీవైపీ2సీ19, *2/*2. దానికి రంగు కూడా వేసి ఉండరు. రిపోర్టు పట్టుకొచ్చినవాళ్ళంతా అడిగేది ఆ రంగుల పేజీల గురించే. డాక్టరు రాసే మందు చీటీని నిజంగా మార్చగలిగింది మాత్రం ఆ 31వ పేజీ ఒక్కటే.

రంగుల పేజీలతోనే మొదలుపెడదాం, ఎందుకంటే డబ్బు వసూలు చేసేది వాటి పేరు మీదే. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటే ఇదే. చెట్టు అబద్ధం కాదు: మానసిక రుగ్మతల్లో వంశపారంపర్యం పాత్ర చాలా పెద్దది. అమ్మే కాయలే ఆ చెట్టువి కావు.

డోపమైన్‌నే తీసుకోండి. సెరటోనిన్ లాగే ఇదీ నాడీకణాలు ఒకదానికొకటి సంకేతాలు పంపుకునే రసాయనం. డోపమైన్‌కంటూ ఒక జన్యువు లేదు. జన్యువు అంటే ఒక ప్రోటీన్ తయారీకి రాసిపెట్టిన సూచన, అంతే. టైరోసిన్ అనే అమైనో ఆమ్లాన్ని ఒక ఎంజైమ్ ఎల్-డోపాగా మారుస్తుంది, ఇంకో ఎంజైమ్ దాన్ని డోపమైన్ చేస్తుంది. వీమ్యాట్2 అనే ప్రోటీన్ దాన్ని చిన్న చిన్న సంచుల్లోకి ఎక్కిస్తుంది. సంకేతం రాగానే ఆ సంచులు పగిలి డోపమైన్ రెండు నాడీకణాల మధ్య సందులోకి వస్తుంది, అవతలి కణం మీద సంకేతం అందుకునే ప్రోటీన్లకు, అంటే రిసెప్టర్లకు, అతుక్కుంటుంది. పని అయిపోయాక డీఏటీ అనే రవాణా ప్రోటీన్ దాన్ని తిరిగి లోపలికి లాగేస్తుంది. మిగిలినదాన్ని ఎంఏఓ, సీఓఎంటీ అనే ఎంజైములు విరగ్గొడతాయి. ఇన్ని మెట్లు, ప్రతి మెట్టుకీ వేరే జన్యువు. పైగా డోపమైన్‌ను వదిలే కణం మీదే ఒక కాపలా రిసెప్టర్ ఉంటుంది. బయట డోపమైన్ పేరుకుపోతే అది పసిగట్టి తయారీని తగ్గిస్తుంది. ఒక మెట్టులో చిన్న తేడా వస్తే మిగతా మెట్లు సర్దుకుంటాయి. పంట కాలువకు పది తూములున్నప్పుడు ఒక తూము కాస్త మూసుకుపోయిందని చివరి పొలంలో నీళ్ళు ఎంత తగ్గాయో లెక్క చెప్పలేం కదా.

సెరటోనిన్ విషయంలో దీనికి మంచి రుజువు మందుల్లోనే ఉంది. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం డిప్రెషన్ మందు వేసుకున్న కొన్ని గంటల్లోనే సెరటోనిన్ రవాణా ప్రోటీన్‌ను అడ్డుకుంటుంది. మనసు తేలికపడటానికి మాత్రం 2 నుంచి 6 వారాలు పడుతుంది. జబ్బంతా సెరటోనిన్ తక్కువై వచ్చిందే అయితే ఆ సాయంత్రానికే తేడా తెలియాలి. ఈ ఆలస్యంలో కణాలు రిసెప్టర్ల సంఖ్య మార్చుకుంటాయి, తమ మధ్య కొత్త అతుకులు వేసుకుంటాయి. రసాయనం మోతాదు ఈ కథలో ఒక మలుపు మాత్రమే.

మాట వచ్చింది కాబట్టి: రక్తంలోనో మూత్రంలోనో సెరటోనిన్, డోపమైన్ కొలిచి మెదడు సంగతి చెప్తామనే పరీక్షలు ఎవరైనా అంటగడితే వద్దనండి. శరీరంలోని సెరటోనిన్‌లో 90 శాతానికి పైగా పేగుల్లో తయారవుతుంది. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న గోడను అది దాటలేదు. ఆ అంకె పేగుల గురించి, రక్తంలోని ప్లేట్‌లెట్ల గురించి ఏమైనా చెప్పొచ్చేమో గానీ మెదడు గురించి ఏమీ చెప్పదు.

ఇక రిపోర్టులో మొదటి పేరు సీఓఎంటీ. ఇది 22వ క్రోమోజోమ్ మీద ఉంది. ఇందులో ఒకచోట డీఎన్‌ఏ అక్షరం జీ బదులు ఏ ఉంటే, ప్రోటీన్‌లో 158వ స్థానంలో వాలిన్ అనే అమైనో ఆమ్లం బదులు మెథియోనిన్ వస్తుంది. మెథియోనిన్ రకం ఎంజైమ్ శరీర ఉష్ణోగ్రత దగ్గర అంత నిలకడగా ఉండదు. రక్తంలో, కాలేయంలో కొలిస్తే దాని పనితనం వాలిన్ రకం కంటే 3-4 రెట్లు తక్కువ. ఇంతవరకూ గట్టి జీవరసాయన శాస్త్రమే. నుదుటి వెనకున్న ప్రీఫ్రంటల్ భాగంలో డీఏటీ చాలా తక్కువ కాబట్టి అక్కడ డోపమైన్‌ను తొలగించడంలో సీఓఎంటీ పాత్ర పెద్దదే. మెదడు లోతుల్లోని స్ట్రయేటమ్‌లో డీఏటీ దండిగా ఉంది, అక్కడ సీఓఎంటీ ఉన్నా లేకున్నా పెద్ద తేడా ఉండదు. "మీ డోపమైన్ ఎక్కువ" అని రాసే రిపోర్టు ఏ భాగంలో అన్నది చెప్పదు. రిపోర్టు రాసినవాళ్ళు ఆగాల్సింది అక్కడే. ఆగకుండా "మీరు ఒత్తిడికి తట్టుకోలేరు", "ఈ సప్లిమెంటు వాడండి" దాకా వెళ్ళిపోతారు. వేలమంది మీద చూసినప్పుడు ఈ ఒక్క అక్షరం స్కిజోఫ్రెనియాకు (భ్రమలు, లేని గొంతులు వినిపించే మానసిక జబ్బుకు) గానీ డిప్రెషన్‌కు గానీ చెప్పుకోదగ్గ కారణంగా తేలలేదు.

రెండో పేరు 5-హెచ్‌టీటీఎల్‌పీఆర్. 17వ క్రోమోజోమ్ మీద సెరటోనిన్ రవాణా జన్యువు ముందు భాగంలో సుమారు 44 అక్షరాల ముక్క కొందరిలో ఉంటుంది, కొందరిలో ఉండదు. ఉంటే పొడుగు రకం, లేకపోతే పొట్టి రకం. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో పుట్టినప్పటి నుంచి గమనిస్తూ వచ్చిన బృందంలో 847 మందిని తీసుకుని 2003లో ఒక పరిశోధన వచ్చింది. పొట్టి రకం ఉన్నవాళ్ళు జీవితంలో దెబ్బలు తిన్నప్పుడు డిప్రెషన్‌లోకి ఎక్కువగా వెళ్తారని దాని సారాంశం. అద్భుతమైన కథ, అందుకే పాఠ్యపుస్తకాల్లోకీ ఎక్కింది. 2009లో 14 పరిశోధనలను, 14,250 మందిని కలిపి చూస్తే దెబ్బలు తిన్నవాళ్ళకు డిప్రెషన్ ఎక్కువన్నది నిలబడింది, జన్యువు పాత్ర నిలబడలేదు. 2019లో డిప్రెషన్‌కు పేరుపడ్డ 18 జన్యువులను లక్షలమంది సమాచారంతో పరీక్షించారు. వాటికీ, దారిన పోయే ఏ జన్యువుకీ తేడా కనిపించలేదు. ఇంకో చిక్కు: అక్షరాన్ని ఒక్కొక్కటిగా చదివే మామూలు చిప్‌లు ఈ 44 అక్షరాల ముక్కను నేరుగా చదవలేవు. చిప్‌తో చేసిన రిపోర్టులో "పొట్టి రకం" అని ఉంటే, చుట్టుపక్కల అక్షరాలను బట్టి ఊహించి రాశారన్నమాట.

పాత పరిశోధనలు ఇలా కూలడానికి కారణం మోసం కాదు, లెక్క. ఒక అక్షరం జబ్బు అవకాశాన్ని 5 శాతం పెంచుతుంది అనుకుంటే, దాన్ని పట్టుకోవడానికి వేలు, పదివేలమంది కావాలి. అప్పట్లో చాలావరకు రెండు మూడు వందలమందితోనే చూశారు. అంత తక్కువమందిలో యాదృచ్ఛికంగా వచ్చే తేడాలే పెద్దగా కనిపిస్తాయి. కనిపించినవి అచ్చయ్యాయి, కనిపించనివి సొరుగుల్లో ఉండిపోయాయి. ఇప్పుడు జన్యుపటం మొత్తాన్ని ఒకేసారి వెతికే పరిశోధనల్లో ఒక ఫలితాన్ని నమ్మాలంటే అది యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం 2 కోట్లలో ఒకటి కంటే తక్కువ ఉండాలన్న గీత గీసుకున్నారు. దాదాపు పది లక్షల స్వతంత్ర పరీక్షలు ఒకేసారి చేస్తున్నట్టు లెక్క, అందుకే అంత కఠినం.

డోపమైన్‌ను విరగ్గొట్టే ఎంఏఓల్లో ఒకదాని జన్యువు ఎంఏఓఏ. దానికి "యోధుల జన్యువు" అన్న పేరు పత్రికలు పెట్టాయి. దీని వెనక ఒక అసలు కథ ఉంది. 1993లో ఒక డచ్ కుటుంబంలో కొందరు మగవాళ్ళకు ఈ జన్యువు పూర్తిగా తెగిపోయిందని, వాళ్ళలో తెలివితేటలు కాస్త తక్కువగా ఉండటం, ఆవేశంతో కొట్లాటకు దిగడం కనిపించాయని అచ్చయింది. ఇది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి ఒకే ఎక్స్ ఉన్న మగవాళ్ళకు రెండో కాపీ సాయం లేదు. అది చాలా చాలా అరుదు. రిపోర్టులో చూపించేది వేరే తేడా: జన్యువు ముందు 30 అక్షరాల ముక్క 3 సార్లు ఉందా, 4 సార్లు ఉందా అన్నది. 3 సార్లు ఉన్న రకం చాలా జనాభాల్లో మూడో వంతు మగవాళ్ళకో, అంతకంటే ఎక్కువమందికో ఉంటుంది. అంతమంది యోధులైతే ప్రపంచంలో ఒక్క కిటికీ అద్దం మిగలదు. తెగిపోయిన తీగకూ కాస్త మసకగా వెలిగే బల్బుకూ ఉన్న తేడా ఇది. రెండింటికీ ఒకే పేరు పెట్టి అమ్ముతున్నారు.

ఫోలేట్ అనే బీ విటమిన్‌ను ఒంటికి పనికొచ్చే రూపంలోకి మార్చే ఎంజైమ్ జన్యువు ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్. దీని దగ్గర ఎక్కువమంది అనవసరంగా భయపడతారు, దానికి ఒక చిన్న సాంకేతిక కారణం కూడా ఉంది. పుస్తకాల్లో దీన్ని సీ677టీ అంటారు, టీటీ ఉంటే ఎంజైమ్ పనితనం మూడో వంతుకు పడిపోతుంది. ఈ జన్యువు డీఎన్‌ఏ రెండు పోగుల్లో వెనక పోగు మీద ఉంది. చిప్ రిపోర్టులు ముందు పోగు అక్షరాలు రాస్తాయి. అక్కడ సీకి ఎదురు జీ, టీకి ఎదురు ఏ వస్తాయి. కాబట్టి రిపోర్టులో జీజీ ఉంటే మామూలు రకం, ఏఏ ఉంటే టీటీ అని అర్థం. ఇది తెలియక జీజీ చూసి "పుస్తకంలో లేని మార్పు నాలో ఉంది" అని కంగారుపడేవాళ్ళున్నారు. టీటీ ఉన్నా సరే, ముందు చేయించాల్సింది రక్తంలో హోమోసిస్టీన్ (ఈ ఎంజైమ్ చాలకపోతే పెరిగే పదార్థం), బీ12, ఫోలేట్ పరీక్షలు. అవి మామూలుగా ఉంటే జన్యువు ఏ అక్షరం రాసుకున్నా మీ శరీరం సర్దుకున్నట్టే. బీ12 తక్కువున్న మనిషికి ఫోలేట్ మాత్రం దండిగా ఇస్తే రక్తహీనత సర్దుకుని అంతా బాగున్నట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం లోలోపల చెడిపోతుంటాయి. అందుకే ఫోలేట్ సీసా కొనేముందు బీ12 చూడాలి.

మరి చెట్టు ఏది? కవలల మీద చేసిన పరిశోధనల్లో స్కిజోఫ్రెనియాకు వంశపారంపర్య వాటా సుమారు 80 శాతం, ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత, నిలకడ కుదరని సమస్య) 70-80 శాతం, బైపోలార్‌కు (అతి ఉత్సాహం, కుంగుబాటు విడతలుగా వచ్చే జబ్బు) 60-85 శాతం, డిప్రెషన్‌కు 35-40 శాతం. ఈ 80 శాతాన్ని "నాకు వచ్చే అవకాశం 80 శాతం" అని చదవడం మహా తప్పు. ఒక జనాభాలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో ఎంత వాటా జన్యువులది అని చెప్పే అంకె అది. ఒక మనిషి గురించి అది ఏమీ చెప్పదు. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి స్కిజోఫ్రెనియా ఉంటే రెండోవారికి వచ్చేది 100లో 33 నుంచి 48 సార్లు. అదే డీఎన్‌ఏ ఉన్నా సగానికి పైగా మందికి రాదన్నమాట.

ఈ వాటా ఎక్కడ దాక్కుంది? తిలాపాపం తలా పిడికెడు. 2022లో వచ్చిన పెద్ద విశ్లేషణలో 76,755 మంది స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్ళను, 2,43,649 మంది లేనివాళ్ళను పోల్చి 287 చోట్ల తేడాలు పట్టుకున్నారు. వాటిలో చాలావాటి ప్రభావం ఒక్కొక్కటీ 5-10 శాతం లోపే. అంటే 1 శాతం ఉన్న అవకాశం 1.05 అవుతుంది. పాత అనుమానితుల్లో ఒకరు మాత్రం నిజంగా దొరికారు: డోపమైన్ డీ2 రిసెప్టర్ జన్యువు, డీఆర్‌డీ2. 1952లో క్లోర్‌ప్రోమజైన్ వాడకం మొదలైనప్పటి నుంచి సైకోసిస్ (వాస్తవంతో సంబంధం తెగిపోయే స్థితి) మందుల్లో దాదాపు అన్నీ తడుతున్న తలుపు అదే. ఆ రిసెప్టర్లలో 65 శాతం మూసుకుంటే మందు పనిచేయడం మొదలవుతుంది, 78-80 శాతం దాటితే వణుకు, బిగుసుకుపోవడం మొదలవుతాయి. ఆ రెండు గీతల మధ్య సందు ఎంత ఇరుకో చూడండి. ఇది మళ్ళీ 31వ పేజీ దగ్గర పనికొస్తుంది.

దొరికిన మిగతావాటిలో గ్లుటమేట్ రిసెప్టర్లు, కాల్షియం చానెళ్ళు, కణాల మధ్య అతుకులను కట్టే ప్రోటీన్లు ఎక్కువ. అన్నిటికంటే ఆశ్చర్యం సీ4. ఇది రోగనిరోధక వ్యవస్థ జన్యువు, 6వ క్రోమోజోమ్ మీద ఉంది. క్రిములకు "వీటిని తినెయ్యండి" అని గుర్తు వేయడం దీని పని. 2016లో తేలిందేమిటంటే, ఎక్కువ సీ4ఏ (సీ4లో ఒక రకం) తయారుచేసే రకాలు ఉన్నవాళ్ళలో స్కిజోఫ్రెనియా అవకాశం కాస్త ఎక్కువ. ఎలుకల్లో చూస్తే, ఎదిగే మెదడులో అక్కర్లేని అతుకులను తీసేసే పనిలో ఈ ప్రోటీన్ పాత్ర ఉంది. స్కిజోఫ్రెనియా ఎక్కువగా టీనేజీ చివర, ఇరవైల మొదట్లో బయటపడటానికీ, మెదడు తన అతుకులను కత్తిరించుకునే వయసుకీ ఉన్న పొంతన అందరినీ ఆలోచనలో పడేసింది. అదే సీ4 ఎక్కువ కాపీలు ఉన్నవాళ్ళకు లూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు) వచ్చే అవకాశం తక్కువ. ఒక జబ్బుకు చెడ్డది ఇంకో జబ్బుకు కవచం. "చెడ్డ జన్యువు" అనే మాటకు అర్థం లేదనడానికి ఇంతకంటే ఏం కావాలి.

ఈ చిన్న తేడాలన్నీ కూడి వేసే మొత్తం స్కోరును పాలిజెనిక్ స్కోర్ అంటారు. స్కిజోఫ్రెనియాకు ఇప్పుడున్న స్కోర్లలో మెరుగైనది కూడా జబ్బు వైపు ఉన్న మొగ్గులో 7 శాతం తేడానే వివరిస్తుంది. అదీ ఎక్కువగా యూరప్ మూలాలవారి సమాచారంతో తయారైంది, మిగతా జనాభాల్లో దాని గురి ఇంకా తగ్గుతుంది. పరిశోధకులకు పనిముట్టు, ఒక మనిషి భవిష్యత్తుకు జాతకం కాదు. పెళ్ళి సంబంధాల దగ్గర దీన్ని బయటికి తీసేవాళ్ళకు నేను ఇచ్చే సలహా ఒక్కటే, ఆ ప్రింటు చింపేయండి.

సంబంధాలంటే గుర్తొచ్చింది, "మా వంశంలో ఉంది, పిల్లలకు వస్తుందా" అన్న ప్రశ్నకు స్కోర్ల కంటే పాత పద్ధతిలో కుటుంబ చరిత్రే మేలైన జవాబు ఇస్తుంది. డెన్మార్క్ జాతీయ రిజిస్టర్ల నుంచి 2010లో అచ్చయిన అంకెలు ఇవి. తల్లిదండ్రుల్లో ఎవరికీ లేకపోతే పిల్లలకు స్కిజోఫ్రెనియా 0.86 శాతం. ఒకరికి ఉంటే 7 శాతం. ఇద్దరికీ ఉంటే 27.3 శాతం. బైపోలార్‌కు ఇవే అంకెలు 0.48, 4.4, 24.9. "ఎనిమిది రెట్లు ఎక్కువ" అన్నా "నూరుమందిలో 93 మందికి రాదు" అన్నా ఒకే అంకె. డాక్టరు మీకు మొదటి వాక్యం చెప్తే రెండోది అడిగి చెప్పించుకోండి.

చిల్లర తేడాలను దాటి, పెద్ద ముక్కలే పోయిన సందర్భాలు వేరు. వీటి విషయంలో పరీక్ష అక్కరకొస్తుంది. 22క్యూ11.2 డిలీషన్ అంటే 22వ క్రోమోజోమ్‌లో ఎక్కువమందిలో సుమారు 30 లక్షల అక్షరాల ముక్క పోవడం. ఇది ఉన్న పెద్దవాళ్ళలో దాదాపు నలుగురిలో ఒకరికి స్కిజోఫ్రెనియా వంటి జబ్బు వస్తుంది. సీఓఎంటీ ఈ ముక్కలోనే ఉంది. అందువల్లే జబ్బు వస్తోందని చాలాకాలం అనుకున్నారు, బలమైన రుజువు దొరకలేదు. సైకోసిస్‌తో వచ్చిన మనిషికి పుట్టుకతో గుండె లోపమో, అంగిలి చీలికో, ముక్కుతో మాట్లాడినట్టుండే గొంతో, చదువులో చిన్నప్పటి నుంచి ఇబ్బందో, రక్తంలో కాల్షియం తక్కువో ఉంటే క్రోమోజోముల్లో పోయిన ముక్కలను పట్టే మైక్రోఅర్రే పరీక్ష అడగాలి. తేలితే వెంటనే చేసే పని కాల్షియం చూడటం. తక్కువ కాల్షియం వల్లే ఆందోళన, ఫిట్స్ రావొచ్చు. అది చూసుకోకుండా ఫిట్స్ అవకాశాన్ని పెంచే సైకోసిస్ మందు క్లోజపిన్ మొదలుపెడితే ఇబ్బంది.

ఇంకో జబ్బు విల్సన్. ఏటీపీ7బీ జన్యువు రెండు కాపీలూ చెడితే రాగి కాలేయంలో, మెదడులో పేరుకుంటుంది. కుర్రవాడికి చదువు పడిపోయి, కోపం పెరిగి, చేతిరాత మారి, మాట ముద్దగా వస్తూ, లివర్ పరీక్షల్లో కాస్త తేడా ఉంటే అది "వయసు ప్రభావం" కాకపోవచ్చు. రక్తంలో రాగిని మోసే ప్రోటీన్ సెరులోప్లాస్మిన్, 24 గంటల మూత్రంలో రాగి, కంటి నల్లగుడ్డు అంచున గోధుమరంగు వలయం చూడాలి. మందులతో రాగిని తగ్గించవచ్చు. తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ 25 శాతం అవకాశం ఉంటుంది కాబట్టి, లక్షణాలు లేకపోయినా వాళ్ళకూ పరీక్ష చేయించాలి. మానసిక లక్షణాల వెనక ఉండే జన్యు జబ్బుల్లో చికిత్సకు లొంగేవి కొన్నే. వాటిని తప్పిపోనివ్వడం కంటే పెద్ద నష్టం లేదు.

ఇప్పుడు 31వ పేజీ.

మందు మెదడుకు చేరేముందు, చేరాక కూడా, దాన్ని విరగ్గొట్టేది ఎక్కువగా కాలేయం. అక్కడి ఎంజైముల్లో మానసిక మందులకు ముఖ్యమైనవి సీవైపీ2డీ6, సీవైపీ2సీ19. ప్రతి రకానికీ ఒక నక్షత్రం గుర్తు, అంకె ఉంటాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. 2సీ19లో *1 మామూలు, *2, *3 పనిచేయనివి, *17 ఎక్కువ పనిచేసేది. *2/*2 అంటే ఈ ఎంజైమ్ అసలు లేనట్టే. డిప్రెషన్ మందుల్లో ఎస్సిటలోప్రామ్, సిటలోప్రామ్, కొంతవరకు సెర్ట్రలిన్ దీని మీద ఆధారపడతాయి. ఎంజైమ్ లేనివాళ్ళలో అదే మోతాదుకు రక్తంలో ఎస్సిటలోప్రామ్ సుమారు 3 రెట్లు పేరుకుంటుంది. 10 మిల్లీగ్రాములు వేసుకున్న మనిషి ఒంట్లో 30 వేసుకున్నంత ఉంటుందన్నమాట. "ఈ మందు నాకు పడలేదు, తల తిరిగింది, వికారం" అని వారంలో మానేసేవాళ్ళలో వీళ్ళు కొందరు. సిటలోప్రామ్‌కు గుండె లయ సమస్య కూడా ఉంది కాబట్టి వీళ్ళకు రోజుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదని అమెరికా ఎఫ్‌డీఏ లేబుల్ చెబుతోంది. *17/*17 ఉన్నవాళ్ళది తిరగబడ్డ కథ: మందు త్వరగా వెళ్ళిపోతుంది, ఆరు వారాలైనా ఫలితం కనిపించకపోవచ్చు.

2డీ6 లెక్క కాస్త చిక్కు. ప్రతి రకానికీ ఒక మార్కు: *1, *2లకు 1, *10కి 0.25, *4, *5లకు 0. రెండూ కూడాలి. 0 వస్తే పనిచేయని రకం, 0.25 నుంచి 1 మధ్య వస్తే మధ్యస్థం, 1.25 నుంచి 2.25 మామూలు, అంతకు మించితే అతివేగం. *1/*4 అంటే 1+0, మధ్యస్థం. *10/*10 అంటే 0.5, అదీ మధ్యస్థమే. *4/*5 అంటే 0. కొందరికి ఒకే క్రోమోజోమ్ మీద ఈ జన్యువు రెండు మూడు కాపీలుంటాయి. *1x2/*1 అంటే 3, అతివేగం.

ఇది మోతాదును ఎలా మారుస్తుందో సైకోసిస్ మందు అరిపిప్రజోల్‌తో చూద్దాం. మామూలు మనిషిలో రక్తంలో సగానికి తగ్గడానికి దీనికి 75 గంటలు పడుతుంది, 2డీ6 పనిచేయనివాళ్ళలో 146 గంటలు. ఒక మందు రక్తంలో స్థిరపడాలంటే ఇలాంటి ఐదు విడతలు కావాలి. మొదటివాళ్ళకు 375 గంటలు, 16 రోజుల్లోపే. రెండోవాళ్ళకు 730 గంటలు, అంటే నెల. వారానికోసారి మోతాదు పెంచుతూ పోతే, రెండోవాళ్ళకు ముందటి మోతాదు ఇంకా పైకి ఎక్కుతుండగానే కొత్తది మీద పడుతుంది. మూడో వారానికి కుదురుగా కూర్చోలేక అటూ ఇటూ తిరుగుతుంటారు. దాన్ని జబ్బు ముదిరిందని పొరబడి మందు ఇంకా పెంచడం అన్నిటికంటే చెడ్డ తప్పు. లేబుల్ ప్రకారం వీళ్ళకు సగం మోతాదు చాలు. ఏడీహెచ్‌డీ మందు అటోమాక్సెటిన్‌లో తేడా ఇంకా ఎక్కువ: 2డీ6 పనిచేయనివాళ్ళ ఒంటికి మొత్తం మీద సుమారు 10 రెట్ల మందు సోకుతుంది. వాళ్ళలో పెద్దవాళ్ళకు 40 మిల్లీగ్రాముల నుంచి 80కి మామూలుగా మూడు రోజులకు కాకుండా నాలుగు వారాలు ఆగి, అదీ అవసరమైతేనే వెళ్ళాలి.

రిపోర్టులో మామూలు రకం అని ఉన్నా మోసపోయే చోటు ఒకటుంది. పారోక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్, బుప్రోపియాన్ అనే డిప్రెషన్ మందులు 2డీ6ను గట్టిగా మూసేస్తాయి. వాటిలో ఏది వాడుతున్నా మీ మార్కు 2 అయినా 0 కిందే లెక్కకట్టాలి. డులాక్సెటిన్ అయితే సగం. ఫ్లూఆక్సెటిన్ మానేసినా దాని నుంచి ఏర్పడే పదార్థం కొన్ని వారాలు ఒంట్లో ఉంటుంది, కాబట్టి మానేసిన మర్నాడే లెక్క మారదు. జన్యువు పుట్టుకతో వచ్చింది, ఎంజైమ్ పనితనం మాత్రం పక్కనున్న మందుల చేతుల్లో ఉంది. రిపోర్టుతోపాటు వాడుతున్న మందులన్నిటి జాబితా పక్కన పెట్టకపోతే ఆ పట్టిక సగం అబద్ధం.

సిగరెట్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, జన్యు పరీక్షలో రాకపోయినా. పొగలోని తారు పదార్థాలు సీవైపీ1ఏ2ను ఉసిగొల్పుతాయి, క్లోజపిన్ త్వరగా విరిగిపోతుంది. ఇది నికోటిన్ పని కాదు, కాబట్టి నికోటిన్ పట్టీ వేసుకుంటే ఆ ప్రభావం ఉండదు. రోజూ పెట్టె కాల్చే మనిషి ఆసుపత్రిలో చేరి ఒక్కసారిగా మానేస్తే, అదే మోతాదుకు క్లోజపిన్ వారంలో బాగా పెరగొచ్చు. మత్తు, చొంగ, ఫిట్స్. సిగరెట్ మానేముందే డాక్టరుకు చెప్పి, రక్తంలో క్లోజపిన్ స్థాయి చూపించుకుని, మోతాదు తగ్గించుకోవాలి.

ఫిట్స్‌కూ బైపోలార్‌కూ వాడే కార్బమజపిన్ మొదలుపెట్టే ముందే తప్పనిసరిగా చూడాల్సిన జన్యు రకం హెచ్‌ఎల్‌ఏ-బీ*15:02. ఇది ఉన్నవాళ్ళకు, ముఖ్యంగా ఆసియా మూలాలవారిలో, కార్బమజపిన్ వేసుకుంటే చర్మం ఒలిచినట్టు ఊడిపోయే స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ వచ్చే ప్రమాదం ఉంది. 2004లో దీన్ని కనుక్కున్నారు, 2007 నుంచి లేబుల్ మీద హెచ్చరిక ఉంది. ఎక్కువ భాగం మొదటి రెండు మూడు నెలల్లోనే వస్తుంది. కొన్ని నెలలుగా ఏ ఇబ్బందీ లేకుండా వాడుతున్నవాళ్ళకు దీని వల్ల ఆ ప్రమాదం తక్కువ, భయపడి మందు ఆపేయనక్కర్లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు ఈ ఒక్క పరీక్ష రంగుల పేజీలన్నిటి కంటే విలువైనది.

ల్యాబుకు డబ్బు కట్టేముందు మూడు ప్రశ్నలు అడగండి. 2డీ6లో కాపీల సంఖ్య చూస్తారా? పక్కనే దాన్ని పోలిన సీవైపీ2డీ7 అనే పనికిరాని జన్యువు ఉంటుంది, రెండూ కలగలిసిన రకాలు కూడా ఉన్నాయి. మామూలు చిప్ వీటిని సరిగ్గా పట్టలేదు. కాపీలు చూడని ల్యాబు *1/*1 అని రాస్తే అది *1/*5 కావచ్చు, *1x2/*1 కూడా కావచ్చు. రెండో ప్రశ్న: ఏయే నక్షత్రాలు వెతుకుతారు? *1 అంటే "మామూలు రకం ఉంది" అని కాదు, "మేము వెతికిన మార్పులేవీ దొరకలేదు" అని. నాలుగు రకాలే వెతికినవాళ్ళ *1కీ, నలభై వెతికినవాళ్ళ *1కీ బరువు ఒకటి కాదు. మూడోది: ఉమ్మి గొట్టం కంపెనీ ఇచ్చిన ముడి ఫైలును ఇంకో వెబ్‌సైటులో పెట్టి తీసిన అరుదైన మార్పుల జాబితా మీ దగ్గరుంటే, దాన్ని రోగనిర్ధారణ ల్యాబులో మళ్ళీ చూసి ధ్రువపరుస్తారా? 2018లో అలాంటి ఫైళ్ళతో వచ్చిన 49 నమూనాలను తిరిగి పరీక్షిస్తే, చెప్పిన మార్పుల్లో 40 శాతం అసలు లేనే లేవు.

ఫలితం వచ్చాక ఆ ఒక్క పేజీని ఫొటో తీసి ఫోన్‌లో, మందుల జాబితా పక్కనే పెట్టుకోండి. అక్షరాలు జీవితాంతం మారవు కాబట్టి ఏ కొత్త మందు రాసినా అదే పనికొస్తుంది. పక్కన రాసిన "మధ్యస్థం", "మామూలు" అన్న ముద్రలు మాత్రం మార్గదర్శకాలతోపాటు మారుతుంటాయి, అందుకని ముద్రను కాకుండా *4, *10 అన్న అసలు అంకెలను దాచుకోవాలి. ఇప్పుడు వాడుతున్న మందు మీకు బాగా పనిచేస్తూ, ఏ ఇబ్బందీ పెట్టకపోతే రిపోర్టులో ఏం వచ్చినా దాన్ని మీ అంతట మీరు మార్చకండి. మీ ఒంట్లో ఆ మందు ఎలా నడుస్తోందో చెప్పడానికి మీ ఒళ్ళే పెద్ద పరీక్ష, ఆ పరీక్ష ఇప్పటికే జరిగిపోయింది.